ఇల్లు మారితే అలవాటు ఎక్కడికి పోతుంది?

మేమిద్దరం అక్కాతమ్ముళ్ళం. నాన్నగారు సి.ఐ.ఎస్.ఎఫ్.లో పనిచేస్తారు. పోయిన ఏడాది ఆయనకు విశాఖ ఉక్కు కర్మాగారం నుంచి భిలాయి ఉక్కు కర్మాగారానికి బదిలీ అయింది. ఒక ఉక్కు ఊరి నుంచి ఇంకో ఉక్కు ఊరికే కదా, తేడా ఏముంటుందిలే అనుకున్నాం. అక్కడా సెక్టార్లే, ఇక్కడా సెక్టార్లే. సముద్రం ఒక్కటే లేదు.

తేడా ఏమిటో మూడు నెలలకు గానీ తెలియలేదు. విశాఖలో తాతయ్య మాతోనే ఉండేవారు. ఆయనకు చూపు తగ్గడంతో రోజూ సాయంత్రం తెలుగు పేపరు మేమే చదివి వినిపించేవాళ్ళం. బదిలీ కాగానే ఆయన టెక్కలిలో పెదనాన్నగారి ఇంటికి వెళ్ళిపోయారు. ఇక్కడేమో బడి నుంచి రావడం, సోఫాలో కూలబడడం, ఫోను అందుకోవడం, ఎనిమిదింటికి అమ్మ కేకలు, ఆ పైన ఆవలింతలతో హోంవర్కు. రోజూ ఇదే.

ఒక ఆదివారం తాతయ్య ఫోనులో "ఏదైనా చదవండర్రా" అన్నారు. తెలుగు పేపరు లేదు. చేతికి దొరికిన పెళ్ళి శుభలేఖ తీశాం. "సుముహూర్తం" దగ్గర ఒకరం ఆగాం, "బంధుమిత్ర సపరివార సమేతంగా" దగ్గర ఇంకొకరం. "ఏటర్రా, కూడబలుక్కుంటున్నారు?" అన్నారు. నవ్వుతూనే అన్నారు గానీ, వెంటనే ఫోను పెద్దమ్మకు ఇచ్చేశారు. ఆ రాత్రి మేమిద్దరం పెద్దగా మాట్లాడుకోలేదు.

మేము బద్ధకస్తులమైపోయామా అని ఆలోచించాం. అలవాట్ల మీద జరిగిన పరిశోధనల గురించి చదివాక సంగతి వేరేగా కనిపించింది. అమెరికాలో వెండీ వుడ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, ఆమె సహచరులు ఒక విశ్వవిద్యాలయం నుంచి ఇంకోదానికి మారిన విద్యార్థులను పరిశీలించి, 2005లో ఫలితాలు ప్రచురించారు. వాళ్ళు చూసినవి వ్యాయామం, పేపరు చదవడం, టీవీ చూడడం. కొత్త చోట కూడా పరిసరాలు పాత చోటులాగే ఉన్నప్పుడు అలవాటు నిలిచింది. పరిసరాలు మారినప్పుడు సడలింది. అంటే అలవాటు సగం మనలో ఉంటే, సగం మన చుట్టూ ఉంటుందన్న మాట. తాతయ్య పడక కుర్చీ మాకు "ఇక చదవండి" అని చెప్పే సూచన. ఆ కుర్చీ టెక్కలి వెళ్ళిపోయింది. కొత్త సోఫా మాకు ఫోనునే గుర్తు చేసింది.

మనలాంటి బదిలీ పిల్లలకు ఇందులో ఒక మంచి కబురు కూడా ఉంది. మంచి అలవాటు ఊడిపోయినట్టే చెడ్డదీ ఊడిపోగలదు. కొత్త ఇంట్లో మొదటి రోజుల్లో ఏ కుర్చీకీ ఏ అలవాటూ ఇంకా అంటుకుని ఉండదు. ఆ రోజులను మేము చేజార్చుకున్నాం. మీరు చేజార్చుకోకండి.

మొదట మేము వేసుకున్న పథకం "నాన్న డ్యూటీ నుంచి రాగానే చదువుదాం" అని. వారం కూడా సాగలేదు. ఆయనకు ఒక వారం పగలు, ఒక వారం రాత్రి. షిఫ్టు మారితే మా సూచనా మారిపోయేది. అందుకని ఏ ఊరెళ్ళినా మనతో వచ్చేది, రోజూ తప్పకుండా జరిగేది ఏమిటని వెతికాం. బడి సంచి దించడం! సంచి దించగానే ఫోను బీరువాలో పెట్టి, వరండా మెట్ల మీద కూర్చుని ఒక్క వార్త చదవాలి. ఒక్కటే. ఎక్కువ పెట్టుకుంటే రెండో రోజే మానేస్తామని మా గురించి మాకు తెలుసు.

మరి పేపరు? సామాను సర్దేటప్పుడు అమ్మ గాజు గ్లాసులకు, పింగాణీ కప్పులకు చుట్టిన పాత తెలుగు పేపర్లు అట్టపెట్టెలో అలాగే ఉన్నాయి. నలిగినవాటిని చేత్తో సాపుచేసి చదవడం మొదలుపెట్టాం.

ఎన్నాళ్ళకు అలవాటవుతుంది? లండన్‌లో ఫిలిపా లాలీ బృందం 96 మందిని 12 వారాలు గమనించి, 2010లో ప్రచురించిన లెక్క ప్రకారం, కొత్త పని అలవాటుగా స్థిరపడడానికి సుమారు 66 రోజులు. కొందరికి 18 రోజులే చాలు, కొందరికి 254 పట్టవచ్చు. 21 రోజులు చాలని చాలామంది అంటుంటారు, నమ్మకండి. మధ్యలో ఒక్క రోజు తప్పినా పెద్దగా నష్టం లేదని కూడా వాళ్ళు గమనించారు.

ఈ చివరి మాట మాకు సరిగ్గా అర్థమైంది పక్కింటి అంకుల్ వల్ల. ఆయన బ్లాస్ట్ ఫర్నేసులో పనిచేస్తారు. సోవియట్ యూనియన్ సహకారంతో కట్టిన ఈ కర్మాగారంలో మొదటి బ్లాస్ట్ ఫర్నేసును 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్ర ప్రసాద్ ప్రారంభించారు. బ్లాస్ట్ ఫర్నేసు రాత్రింబవళ్ళు ఏళ్ళ తరబడి మండుతూనే ఉండాలి. తప్పనిసరిగా కొన్నాళ్ళు ఆపవలసి వస్తే ఊరికే వదిలేయరట. ముందుగా కోకు ఎక్కువ వేసి, గాలి ఆపి, గాలి వెళ్ళే దారులు మూసేస్తారు. వేడి లోపలే నిలుస్తుంది. మళ్ళీ గాలి ఊదితే అందుకుంటుంది. చల్లారనిస్తే మాత్రం అడుగున కరిగి ఉన్న ఇనుము గడ్డకట్టి, దాన్ని తీయడానికి నానా తంటాలు పడాలి.

అర్ధ సంవత్సర పరీక్షలప్పుడు మేమూ అదే చేశాం. వార్తంతా కాకుండా శీర్షిక ఒక్కటే చదివాం. అంతకు ముందైతే "పరీక్షలయ్యాక చూద్దాం" అని పూర్తిగా వదిలేసేవాళ్ళం.

మీరూ ఒక కాగితం మీద రాసి చూడండి. పాత ఊళ్ళో రోజూ చేసి, ఇక్కడికొచ్చాక మానేసిన పని ఏది? అక్కడ దానికి సరిగ్గా ముందు ఏం జరిగేది? దాని బదులు ఇక్కడ ఏం పెట్టుకోవచ్చు? రెండో ప్రశ్న దగ్గర తొందరపడకండి, మాకు జవాబు దొరకడానికి రెండు రోజులు పట్టింది.

ఇప్పుడు ఆదివారాలు తాతయ్యకు ఆ పాత వార్తలే చదివి వినిపిస్తున్నాం. మొన్న ఒక తుఫాను వార్త చదువుతుంటే, "ఒరే, ఇది అప్పుడే చదివేశారు కదా" అన్నారు. ఆపేయమంటారా అని అడిగాం. "ఆపకండి, తర్వాతేటైందో చదవండి" అన్నారు. పెట్టెలో ఇంకా విప్పని కప్పులు ఆరున్నాయి.