ముఖప్రమాణము – దంతక్రమచికిత్స : స్వాంగుళన్యాయ విచారము

దంతములకు తీగలు కట్టి వరుస సరిచేయు చికిత్స నేడు మన పట్టణములలో సామాన్యమైనది. ఎత్తుపండ్లు గల పిల్లలకు, ముందరి దంతములు వెనుకకు జరుగుటకు చోటు కల్పింప, కొన్ని యెడల కోరపండ్ల వెనుకనున్న నాలుగు పండ్లను తీసివేయుదురు. అట్లు తీసిన పన్ను మరల మొలవదు. కావున ముఖమెట్లుండిన సుందరమో నిర్ణయించుటకు వైద్యుడు దేనిని ప్రమాణముగా గొనుచున్నాడో విచారించుట యుక్తము.

వరాహమిహిరుడు (క్రీ.శ. 6వ శతాబ్ది) బృహత్సంహితలోని ప్రతిమాలక్షణాధ్యాయమున ముఖమునకు నిడివియు వెడల్పును పండ్రెండేసి అంగుళములనెను. లలాట నాసికా చిబుకములు నాలుగేసి అంగుళములు. అనగా ముఖము మూడు సమభాగములగుచున్నది. రోమకుడగు విట్రూవియస్ (క్రీ.పూ. 1వ శతాబ్ది) చెప్పినదియు ఇట్టిదే. నేటి దంతవైద్యులును ముఖపరీక్షయందు కేశాంతము నుండి కనుబొమల నడుమ వరకు, అచటి నుండి నాసికామూలము వరకు, అచటి నుండి గడ్డము కొస వరకు మూడు భాగములు చేసి పోల్చుచున్నారు.

అయితే వరాహమిహిరుని వాక్యమున రెండు విశేషములు గలవు. మొదటిది, ఆ యంగుళములు స్వాంగుళములు. పీఠమును విడిచి ప్రతిమ యెత్తును పండ్రెండు భాగములుగను, ఒక్కొక్క భాగమును మరల తొమ్మిదిగను విభజింపగా వచ్చునదే అంగుళమని భట్టోత్పలుడు వ్యాఖ్యానించెను. కొలబద్ద వెలుపలి నుండి రాలేదు, కొలువబడు వస్తువు నుండియే పుట్టినది. రెండవది, నగ్నజిత్తు మతమున ముఖము నిడివి పదునాలుగంగుళములనియు, అది ద్రావిడమానమనియు ఆచార్యుడే పేర్కొనెను. ఒక దేశపు మానము వేరొక దేశమునకు చెల్లనక్కరలేదని ప్రతిమాశాస్త్రమే అంగీకరించినదన్నమాట. చరకసంహిత విమానస్థానము ఎనిమిదవ అధ్యాయమున గూడ రోగి దేహము అతని వ్రేళ్ళతోనే కొలువవలెనని విధింపబడినది.

పాశ్చాత్య దంతక్రమశాస్త్రము ఈ తత్త్వమును చాలకాలమునకు గ్రహించినది. ఆ శాస్త్రమునకు ఆద్యుడగు ఎడ్వర్డ్ యాంగిల్ 1900 నాటి తన గ్రంథమున, వాటికన్‌లోని అపోలో శిలాప్రతిమను ముఖసామ్యమునకు ఆదర్శముగా చూపెను. చిత్రకారుడగు ఎడ్మండ్ వూర్పెల్‌తో చర్చించిన పిదప, 1907 నాటి కూర్పున ఆ యేకాదర్శమును సడలించెను. 1931లో శిరస్సును ఎక్స్‌రే ద్వారా కొలుచు పద్ధతి వచ్చినది. 1948లో డౌన్స్ ప్రకటించిన కొలతలు శ్వేతజాతీయులగు ఇరువదిమందిని పరీక్షించి తీసినవి. తరువాత భారతీయులలోను, ఇతర జాతులలోను కొలతలు తీయగా, పెదవుల ముందువంపు ఒక్కొక్కచోట నొక్కొక్క తీరుగా నుండుట తేలినది. మూడు సమభాగముల నియమము సజీవముఖములకు సాధారణముగా సరిపడదని 1985లో ఫార్కస్ ప్రభృతులు కొలిచి చూపిరి.

ఇచట నొక పూర్వపక్షము. ఎవరి ముఖమునకు వారి ముఖమే ప్రమాణమైనచో దోషమనునదే లేదు, దోషము లేనిచో చికిత్స యేల? సమాధానము: స్వాంగుళమనగా ప్రమాణాభావము కాదు. అవయవములకు పరస్పరముండవలసిన పొందికయే అచట ప్రమాణము. నాసికకు, చిబుకమునకు నడుమ పెదవులెట్లున్నవో చూడవలెను గాని, అన్యదేశీయుల సగటు రేఖకు ఎంత దూరమున్నవో చూచుట మాత్రమే చాలదు. అదియుగాక ప్రయోజనభంగము స్పష్టమైన దోషము. పెదవులు ప్రయత్నము లేక కలియనిచో పవర్గోచ్చారణము క్లిష్టమగును. పండ్లు పొసగనిచో నమలుటకు కష్టము. ఇరుకు పండ్ల నడుమ శుభ్రము చాలక చిగుళ్ళు చెడును. అట్టి యెడ, తగిన చోటు లేనిచో పన్ను తీయుటయు న్యాయమే. కేవలము పరాయి సగటునకు సరిపుచ్చుటకై తీయుట న్యాయము కాదు.

కాలమును గూడ గణింపవలెను. పండ్రెండేండ్ల బాలిక నాసికాచిబుకములు ఇంకను పెరుగునవి. నేడు ఉబ్బెత్తుగా తోచు పెదవి, అవి పెరిగిన పిదప సరిపోవచ్చును. నేడే మిక్కిలి వెనుకకు లాగినచో, పెద్దయైన పిదప నోరు లోనికి పోయినట్లగపడును.

వ్యాకరణమున లక్ష్యమును బట్టి లక్షణమేర్పడును గాని, లక్షణమునకై శిష్టప్రయోగమును విరువరు. చికిత్సయందును ఇంతే. శిల్పి రూపములేని శిలకు రూపమిచ్చును. వైద్యునికి రూపము ముందే సిద్ధమై యున్నది. కావున పన్ను తీయుటకు పూర్వము, "ఈ కొలత ఎవరి ముఖముల నుండి వచ్చినది? తీయకున్న కలుగు బాధ యేమి?" అని తల్లిదండ్రులు వైద్యుని అడుగుట అవినయము కాదు. ఆ ప్రశ్నలకు సమాధానము చెప్పిన పిదపనే పట్టకారు చేపట్టుట ఉచితమని నా మనవి. విజ్ఞులు పరిశీలింతురు గాక.