ప్రదర్శనమునకు పంపదగిన చీనీపండ్ల స్క్వాషు

ఇంగ్లండు దేశమున సోమర్‌సెట్టు సీమ రైతులు ఆపిలుపండ్ల రసమును పులియబెట్టి, సైడరను పానీయము చేసి, బాత్ అండ్ వెస్టు ప్రదర్శనమున పోటీకి పెట్టుచుందురు. అచ్చట పులియుటయే గుణము. కడప, కర్నూలు సీమలలో అట్లు చేయరాదు. కడప జిల్లాలో 1938లోనే మద్యనిషేధము అమలయ్యెను. అది తొలగిన పిదపను, 1968 నాటి ఆంధ్రప్రదేశ్ ఎక్సైజు చట్టము ననుసరించి లైసెన్సు లేక మద్యము తయారుచేయుట నేరము. కావున ఇచ్చటి రైతు పోటీకి పంపదగినది పులియని స్క్వాషు.

మంగు పట్టిన కాయకును, చిన్నకాయకును వర్తకుడు ధర తగ్గించును. కాని మంగు తొక్కను మాత్రమే చెరచును. లోని రసమునకు లోపముండదు. అట్టి కాయలనే దీనికి వాడుట లాభము. అయితే చెట్టున బాగుగ పండినవై యుండవలెను. నేలరాలి పగిలిన పండును, కుళ్లుమచ్చగల పండును ఎంతమాత్రమును చేర్చరాదు.

రసము తీయునపుడు గింజలును, తొక్కక్రింది తెల్లపొరయు నలుగరాదు. నలిగినచో అప్పుడు తీయగా నున్న రసము కొంతసేపటికి చేదగును. పలువురి స్క్వాషు పోటీలో ఓడుట కిదియే హేతువు. చేతిబలముతో కడపటి బొట్టువరకు పిండు ఆశను మానవలయును.

వడగట్టిన రసము 1 లీటరునకు పంచదార 1 కిలో 750 గ్రాములు, నీరు 1 లీటరు, నిమ్మఉప్పు 30 గ్రాములు చాలును. పంచదార, నిమ్మఉప్పు నీటిలో కాచి, వడగట్టి, పూర్తిగా చల్లారిన పిమ్మటనే రసము కలుపవలెను. తుదకు పొటాషియం మెటాబైసల్ఫైటు 2 గ్రాములు కొంచెము నీటిలో కరగించి చేర్చవలయును. దీనిని వేడిపాకములో వేసినచో దానినుండి వెలువడు గంధకవాయువు ఎగిరిపోవును. మందు వేసియు వేయనట్లే యగును. ఎక్కువ వేసిన ఘాటు వచ్చును, చట్టము ఒప్పదు. దానిమ్మ, నేరేడు రసములకు ఈ మందు తగదు, రంగు వెలిసిపోవును.

పులియుటకు కారణము ఈస్టు అను సూక్ష్మజీవి. అది పండుతొక్కమీదను, కడుగని పాత్రలలోను నుండి, చక్కెరను మద్యసారముగను బొగ్గుపులుసు వాయువుగను మార్చును. రాయలసీమ వేసవివేడిమిలో ఈ పని త్వరితముగ జరుగును. కావున సీసాలను నీటిలో మరగించి ఆరబెట్టి, రెండు వ్రేళ్ల ఖాళీ విడిచి నింపి, గట్టిగా మూయవలెను.

ఒక్కమారు చేసిన దానిలో ఒక సీసాను ఇంటనే యుంచి, ప్రదర్శనమునకు ముందు విప్పి చూచుట మేలు. బుడగలు పైకి వచ్చినను, మూత పైకెగిరినను, కల్లువాసన కొట్టినను తక్కిన సీసాలను పంపరాదు. బాగున్నచో ఒక పాలు స్క్వాషునకు మూడుపాళ్లు చన్నీరు కలిపి రుచి చూడవలయును. త్రాగువా రట్లే త్రాగుదురు గదా. అడుగున గుజ్జు పేరుకొనుట దోషము కాదు, కుదిపినచో కలియును. సీసామీద పండుపేరును, తయారైన తేదియు సిరాతో వ్రాసి అంటించి, వరిగడ్డిలో ఒత్తుగ సర్ది పంపవలెను.