హైటెక్ సిటీ దారిలో ఆవిరి బండి – ఒక పరిశీలన

హైటెక్ సిటీ అనగానే విద్యార్థుల మనస్సులో మెదిలేవి కంప్యూటరు, అద్దాల మేడలు. 1998లో మాదాపూరులో సైబర్ టవర్స్ ప్రారంభమైన తర్వాత కలిగిన ప్రతిష్ఠ అది. కాని అక్కడి ఉద్యోగులు నిత్యం దిగే హైటెక్ సిటీ రైల్వే స్టేషను ఏ దారి మీద ఉన్నదో గమనించినవారు తక్కువ. 2003 నుండి ఎం.ఎం.టి.ఎస్. బళ్లు నడుస్తున్న ఆ దారి, 1874 అక్టోబరు 9న తెరచిన సికింద్రాబాదు–వాడి మార్గంలోని భాగమే. నేడు విద్యుత్తుతో బళ్లు సాగే ఆ మార్గంలో మొదట నడచినది ఆవిరి యంత్రం. దాని చరిత్రను, పనితీరును, దానిని కాపాడుకొనే విధానాన్ని ఈ వ్యాసంలో పరిశీలిద్దాం.

ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ బాలుడుగా ఉండగా, దివాను మొదటి సాలార్ జంగ్ పాలనాభారం వహించిన కాలంలో ఈ మార్గం ఏర్పడింది. వాడి వద్ద ఇది బొంబాయి–మద్రాసు ప్రధాన మార్గాన్ని కలిసింది. తదుపరి వచ్చిన 'నిజాం గ్యారంటీడ్ స్టేట్ రైల్వే' అనే పేరులోనే ఒక ఆర్థిక పాఠం ఉన్నది. లాభం వచ్చినా రాకపోయినా, లండన్ కంపెనీ వాటాదారులకు నిర్ణీతమైన వడ్డీ ఇస్తామని సర్కారు హామీ పడింది. 1883లో చందా రైల్వే ఒప్పందపు షరతులను ప్రజల ముందుంచాలని కోరిన ఆందోళనలో పాల్గొన్నందుకు విద్యావేత్త అఘోరనాథ్ చటోపాధ్యాయ నగర బహిష్కారానికి గురయ్యారు. 1889 నాటికి రైలు బెజవాడ చేరింది. 1930లో సర్కారు రైల్వేను స్వాధీనం చేసుకొన్నది.

ఇక యంత్రం సంగతి. కొలిమిలోని వేడి వాయువులు బాయిలరు గొట్టాల గుండా పోతూ చుట్టూ ఉన్న నీటిని మరిగిస్తాయి. మామూలు పీడనం వద్ద నీరు ఆవిరైతే దాని ఘనపరిమాణం 1,600 రెట్లకు పైగా పెరుగుతుంది. ఆ ఆవిరిని బాయిలరులో బంధించడం వలన కలిగే పీడనమే సిలిండరులోని ముషలకాన్ని నెట్టి చక్రాలను త్రిప్పుతుంది. పని ముగిసిన ఆవిరి పొగగొట్టం నుండి ఎగసిపోతూ పొగను వెంట లాగుతుంది. అందువలన కొలిమిలోనికి గాలి వచ్చి నిప్పు రాజుకొంటుంది. బరువు పెరిగిన కొద్దీ నిప్పు తనంతట తానే ప్రజ్వరిల్లుతుందన్నమాట. మనం విన్న 'చుక్ చుక్' శబ్దం ఈ ఊపిరిదే. అయితే నీటి మట్టం తగ్గి కొలిమి పైకప్పు ఆరిపోతే ఆ రేకు మెత్తబడి కూలిపోతుంది. కనుకనే ఫైర్‌మన్ చూపు ఎల్లప్పుడు నీటి గాజుగొట్టం మీద ఉండేది.

చిత్తరంజన్ కర్మాగారం 1972లో తన చివరి ఆవిరి ఇంజను నిర్మించింది. బ్రాడ్‌గేజిపై నిత్య ఆవిరి సేవ 1995 డిసెంబరులో ముగిసింది. అయినా అభిమానులు దానిని విడువలేదు. వేల్సులోని టాలిలిన్ రైల్వేను 1951లో స్వచ్ఛంద సేవకులు చేపట్టి నడిపారు. ప్రపంచంలో అట్టి ప్రయత్నానికి అదే మొదలు. మన దేశంలో 1855 నాటి 'ఫెయిరీ క్వీన్' 1997లో మరల పట్టాలెక్కింది. డార్జిలింగ్ రైలు 1999లోనూ, నీలగిరి రైలు 2005లోనూ యునెస్కో గుర్తింపు పొందాయి.

ఇనుమును రంగు వేసి నిలబెట్టడం సులభం. నిప్పును, నీటిని, పీడనాన్ని తెలిసిన చేయి లేనిదే అది బొమ్మ మాత్రమే. 1995లో పాతికేళ్ల ఫైర్‌మన్‌కు నేడు యాభై దాటింది. 1893లో స్థాపించిన లాలాగూడ వర్క్‌షాపు పరిసరాల్లో, మన విద్యార్థుల ఇళ్లలోనే, రైల్వే కొలువు చేసిన తాతలు, నానాలు ఉన్నారు. వారు పనిలో నేర్చినది ఏ గ్రంథంలోనూ పూర్తిగా ఎక్కలేదు. వారి మాటలను ఉర్దూలోనో తెలుగులోనో, వారు పలికిన పదాలతోనే వ్రాసిపెట్టడానికి మన కళాశాల పూనుకోవాలని మా మనవి. కమిటీవారు గ్రంథాలయంలో ఒక బీరువా కేటాయిస్తే చాలు. ఇంజను కొనే శక్తి మనకు లేదు; విని వ్రాసుకొనే శక్తి ఉన్నది. ఆ పనికి మిగిలిన వ్యవధి మాత్రం స్వల్పం.