‘993’, ‘ఎస్ఎస్80’ అంటే ఏమిటి?

ప్రశ్న: ఢిల్లీలో పాత కార్ల ర్యాలీకి వెళ్లాను. అక్కడి అభిమానులు ‘993’, ‘ఎస్ఎస్80’ అంటున్నారు. ఏమిటివి?
– ఒక పాఠకుడు, గురుగ్రామ్

జవాబు: ఒకే పేరుతో వచ్చిన కార్లలో ఏది ఏ తరానిదో చెప్పే గుర్తులండీ అవి. పోర్షే 911 పేరు దశాబ్దాలుగా మారలేదు. అందుకే అభిమానులు కంపెనీ లోపల వాడే ప్రాజెక్టు నంబర్లతో పిలుస్తారు. గాలితో చల్లబడే ఇంజిన్ ఉన్న చివరి తరం 993. తర్వాత 1997లో వచ్చిన 996తో నీటితో చల్లబరిచే పద్ధతి మొదలైంది.

మీ గురుగ్రామ్‌లో పుట్టిన మారుతి 800కీ ఇలాంటి గుర్తులున్నాయి. 1983 నాటి తొలి రూపం ఎస్ఎస్80. 1986లో కొత్త బాడీతో వచ్చింది ఎస్‌బీ308. రెండింటిలోనూ ఇంజిన్ 796 సీసీయే. కశ్మీరీ గేట్ మార్కెట్లో లైట్లు, అద్దాలు, బంపర్లు కొనేటప్పుడు మాత్రం తరం పేరు తప్పక చెప్పండి. ఎస్ఎస్80లు ఇప్పుడు అరుదు. మీకు దొరికితే అసలు భాగాలతోనే కాపాడుకోండి.