ఈ కెమెరా ఏ విమానంలో తిరిగింది?

పాత వస్తువుల దుకాణంలో ఇత్తడి గంటలకూ, గ్రామఫోను పెట్టెకూ మధ్య మీకు నల్లని లోహపు కెమెరా ఒకటి కనిపించిందనుకోండి. ముందువైపు పెద్ద కటకం, పక్కన చేతిపిడి. దానికి కట్టిన చీటీ మీద "హిరోషిమా ఫొటో తీసిన కెమెరా ఇదే" అని రాసి ఉంది. ధర కూడా అందుకు తగ్గట్టే ఉంది! నమ్ముతారా? తొందరపడి నమ్మవద్దు, కొట్టిపారేయనూ వద్దు. ఆ కెమెరానే కొన్ని ప్రశ్నలు అడుగుదాం.

విమానపు కెమెరాయేనా?

మామూలు కెమెరాలో దూరాన్ని బట్టి కటకాన్ని ముందుకూ వెనక్కూ జరిపే ఏర్పాటు ఉంటుంది. దీనిలో అది లేదు. ఎందుకని? కటకం నాభ్యంతరం 162 మి.మీ. అనుకుందాం. 2 మీటర్ల దూరంలో నిల్చున్న మనిషి ప్రతిబింబం నాభికి సుమారు 14 మి.మీ. వెనుక ఏర్పడుతుంది. అందుకే కటకాన్ని జరపాలి. అదే ఒక కిలోమీటరు దూరంలోని ఇంటి ప్రతిబింబమైతే నాభికి 0.03 మి.మీ. లోపే ఏర్పడుతుంది. విమానం నుంచి చూస్తే అన్నీ దూరంగానే ఉంటాయి గనుక కటకాన్ని కదలకుండా బిగించేశారు. కాబట్టి ఇది ఆకాశం నుంచి నేలను చూడడానికి చేసిన కెమెరా అనడానికి మంచి ఆధారం దొరికింది.

ఏ రకం?

ఇప్పుడు స్కేలు తీసి, వెనుకభాగంలో ఫిల్ము మీద బొమ్మ పడే కిటికీని కొలవండి. అది 5 అంగుళాల చదరమైతే బ్రిటిష్ వైమానిక దళం వాడిన ఎఫ్-24 కావచ్చు, లేదా దాని అమెరికన్ రూపమైన కె-24 కావచ్చు. బ్రిటిష్ పరికరాల మీద కిరీటం గుర్తు, దాని కింద ఎయిర్ మినిస్ట్రీని సూచించే 'ఏ.ఎం.' అక్షరాలు తరచుగా కనిపిస్తాయి.

మన కెమెరా కిటికీ కొలత 4 × 5 అంగుళాలు వచ్చిందనుకుందాం. కటకం నాభ్యంతరం 6⅜ అంగుళాలు, అంటే సుమారు 162 మి.మీ. షట్టరు వేగాలు సెకనులో 125వ వంతు నుంచి 500వ వంతు వరకు ఉన్నాయి. ఇవన్నీ చేతితో పట్టుకుని ఫొటోలు తీసే అమెరికన్ కె-20 లక్షణాలు. 1941–45 మధ్య రోచెస్టర్ నగరంలోని ఫోల్మర్ గ్రాఫ్లెక్స్ కంపెనీ వీటిని సుమారు 15,000 తయారు చేసింది. కెమెరాకు బిగించిన రేకు మీద రకం, తయారీదారు పేరు చదివి సరిచూసుకోండి. అయితే రేకును తోమి మెరిపించవద్దు. అక్షరాలు చెరిగిపోతే సాక్ష్యమే పోతుంది.

ఎప్పటిది?

కటకం కోడాక్ కంపెనీదైతే దాని నంబరుకు ముందు రెండు ఇంగ్లీషు అక్షరాలు ఉండవచ్చు. అది రహస్య లిపి! 'కెమెరోసిటీ' అనే మాటలోని సి, ఏ, ఎం, ఇ, ఆర్, ఓ, ఎస్, ఐ, టి, వై అక్షరాలు వరుసగా 1, 2, 3, 4, 5, 6, 7, 8, 9, 0 అంకెలకు గుర్తులు. 'ఇ, ఎం' అని ఉంటే 43. అంటే ఆ కటకం 1943లో తయారైంది. కానీ జాగ్రత్త! అది కటకం వయసు మాత్రమే. కటకాన్ని తర్వాత ఎవరైనా మార్చి ఉండవచ్చు.

ఇంకో హెచ్చరిక. కె-24 కెమెరాలకు వాడిన ఏరో-ఎక్టార్ కటకాల గాజులో థోరియం అనే రేడియోధార్మిక మూలకం ఉంటుంది. కాలం గడిచేకొద్దీ ఆ గాజు పసుపు, గోధుమ రంగులకు తిరుగుతుంది. అలాంటి కటకాన్ని విప్పవద్దు, గీకవద్దు, కంటికి దగ్గరగా పెట్టుకోవద్దు.

ఎంత మేర చూడగలదు?

ఈ కెమెరాను 1,620 మీటర్ల ఎత్తు నుంచి తిన్నగా నేలవైపు గురిపెట్టారనుకోండి. ఎత్తును నాభ్యంతరంతో భాగిస్తే 10,000 వస్తుంది. అంటే ఫిల్ము మీద 1 సెం.మీ. నేల మీద 100 మీటర్లకు సమానం. దాదాపు 10 × 12.5 సెం.మీ. ఉన్న ఒక్క బొమ్మలో ఒక కిలోమీటరు వెడల్పు, ఒకటింబావు కిలోమీటరు పొడవు గల నేల ఇమిడిపోతుంది!

విమానం వేగం గంటకు 360 కి.మీ. అయితే అది సెకనుకు 100 మీటర్లు పోతుంది. షట్టరు 500వ వంతు సెకను తెరుచుకుంటే ఆ వ్యవధిలో విమానం కదిలేది 20 సెం.మీ. మాత్రమే. ఫిల్ము మీద అది 0.02 మి.మీ. కనుక బొమ్మ చెదరదు.

మరి చీటీ సంగతి?

1945 ఆగస్టు 6న హిరోషిమా మీద లేచిన పొగమేఘాన్ని ఎనోలా గే విమానపు వెనుక తుపాకీదారు జార్జ్ కారన్ కె-20తోనే ఫొటో తీశాడు. కాబట్టి "ఇలాంటి కెమెరా" అంటే నిజమే. "ఇదే కెమెరా" అనాలంటే మాత్రం ఆ 15,000లో ఇదొక్కటే ఆ విమానంలో ఉందని చెప్పే కాగితాలు కావాలి. మన కొలతలు రకాన్ని చెప్పాయి గాని, చరిత్రను చెప్పలేదు. ఆ బాంబు వల్ల 1945 చివరికి సుమారు 1,40,000 మంది చనిపోయారని అంచనా. అంతటి విషాదం పేరు చెప్పి వస్తువును అమ్ముతున్నప్పుడు రుజువు అడగడం మన బాధ్యత.

మీకో లెక్క: ఇదే కెమెరాతో 3,240 మీటర్ల ఎత్తు నుంచి తీసిన బొమ్మలో ఒక చెరువు పొడవు 6 మి.మీ. ఉంది. అసలు పొడవెంత? లెక్క కట్టాకే కింది గీటు చూడండి.

(జవాబు: 120 మీటర్లు)