కనుగొనినవా రెవరు?

గత సంవత్సరము తొమ్మిదవ తరగతి విద్యార్థులకు ప్రకృతి శాస్త్రము బోధించుచు, యురేనియము పరమాణువు రెండుగా చీలునని కనుగొనిన శాస్త్రజ్ఞు డెవరని మేము ప్రశ్నించితిమి. తరగతి యంతయు నొక్క గొంతుతో "ఆటో హాన్" అని పలికెను. ఆ పేరును వారిచేత వల్లె వేయించినది మేమే గనుక మిక్కిలి సంతోషించితిమి. అంతలో వెనుక బల్లపై నున్న యొక బాలిక లేచి, "మాస్టారూ, అంత పెద్ద పనిని ఆయన యొక్కరే చేసినారా? ప్రక్కన ఎవ్వరును లేరా?" అని యడిగెను. మా నోట సరియైన సమాధానము రాలేదు. పరీక్షలో ఒక్క పేరు వ్రాసిన చాలునని చెప్పి యామెను కూర్చుండబెట్టితిమి. ఇంటికి పోయిన పిదప మేమాడిన మాటయే మమ్ము బాధించెను. ఆ బాలికకు మేము బాకీపడిన సమాధానమును ఇక్కడ వ్రాయుచున్నాము.

పాఠ్యపుస్తకములలో ప్రతి నూతన విషయమునకును ఒక పేరు, ఒక సంవత్సరము ఉండును. జ్ఞాపకముంచుకొనుటకు అది సులభమే. కాని ప్రయోగశాలలో పని యట్లు జరుగదు. ఒకరు ప్రశ్న వేయుదురు; ఒకరు పనిముట్టును నిర్మింతురు; ఒకరు వింతను చూతురు; ఒకరు దాని యర్థమును చెప్పుదురు. వీరిలో ఎవరిని కనుగొనినవారని యనవలెను? ఈ తగవు అన్ని శాస్త్రములలోను కలదు. అయితే రేడియోధార్మికతను గూర్చిన పరిశోధనలలో మొదటినుండియు స్త్రీలు పనిచేసిరి గనుక, పేరెవరికి దక్కినది, ఎవరికి జారిపోయినది యను సంగతి యక్కడ బాగుగా కనబడును.

మేరీ క్యూరీ పేరు ఎఱుగని వారుండరు. ఆమె పేరు సయితము ఒకప్పుడు జారిపోవలసినదే. 1903 వ సంవత్సరపు నోబెల్ బహుమానమునకై ఫ్రెంచి విజ్ఞాన పరిషత్తు సభ్యులు కొందరు పంపిన సిఫారసులో బెకెరెల్ పేరును, పియరీ క్యూరీ పేరును ఉండెను గాని, మేరీ పేరు లేదు. ఖనిజపు మడ్డిని గంగాళములలో మరగకాచి, రేడియమును వేరుచేయుటకై సంవత్సరములకొలది శ్రమపడినది యామెయే. స్వీడను దేశపు గణితశాస్త్రజ్ఞుడగు మిట్టాగ్-లెఫ్లర్ ఈ సంగతిని పియరీకి వ్రాసి తెలిపెను. తన్ను గణించినచో తన భార్యను గూడ గణింపవలెనని పియరీ బదులు వ్రాసెను. అంతట ఆమె పేరు చేరినది. భర్త న్యాయము తెలిసినవాడు. వార్త సకాలమున చేరినది. ఈ రెంటిలో ఏది లోపించినను నేడు మన పుస్తకములలో ఆ యేటి బహుమానము క్రింద పురుషుల పేర్లే యుండెడివి.

అట్టి యదృష్టము లేనివారిలో హారియెట్ బ్రూక్సు ఒకతె. ఈమె 1876 లో కెనడా దేశమున పుట్టి, మాంట్రియల్ నగరమునందలి మెక్‌గిల్ విశ్వవిద్యాలయములో చదివి, 1898 లో పట్టమును పొందెను. ఆ యేడే అక్కడికి ఆచార్యుడుగా వచ్చిన రూథర్‌ఫర్డు ఈమెను తన పరిశోధనలలో చేర్చుకొనెను. 1901 లో వీరిద్దరును కలిసి, రేడియము నుండి వెలువడు పదార్థము రేడియపు ఆవిరి కాదనియు, అది వేఱొక బరువైన వాయువనియు చూపిరి. దానినే మనమిప్పుడు రేడాన్ అని పిలుచుచున్నాము. ఒక మూలద్రవ్యము తనంతట తానే మఱియొక మూలద్రవ్యముగా మారుచున్నదను గొప్ప సిద్ధాంతమునకు ఇది మొదటి మెట్లలో ఒకటి.

1904 లో బ్రూక్సు మఱియొక వింతను చూచెను. రేడియోధార్మిక పదార్థము పూసిన పలకకు దగ్గరగా, దానిని తాకకుండ, శుభ్రమైన వేఱొక పలకను ఉంచినచో, అదియు కొంతసేపటికి రేడియోధార్మికమగుచుండెను. ఆ పదార్థము ఆవిరియై పోయి రెండవ పలకపై పేరుకొనుచున్నదని యామె తలచి, అట్లే ప్రకటించెను. నిజమైన కారణము వేఱు. తుపాకి ప్రేలినపుడు గుండు ముందునకు పోగా, తుపాకి వెనుకకు తన్నును గదా. అట్లే పరమాణువు ఆల్ఫా కణమును విసరినపుడు మిగిలిన భాగము వెనుకకు తన్నుకొని పలకనుండి ఎగిరిపోవును. ఈ యర్థమును 1909 ప్రాంతమున స్పష్టముగా చెప్పినవారిలో ముఖ్యుడు ఆటో హానే. బ్రూక్సు చూచినది, హాన్ తెలిసికొనినాడు. చరిత్రలో హాన్ పేరు నిలిచినది. ఇంతవరకు అన్యాయమని గట్టిగా అనలేము; చూచుట ఒకటి, గ్రహించుట ఒకటి. ఈ భేదమును చదువరులు మనసున నుంచుకొనవలెను. ఏలయన, ముప్పది సంవత్సరముల పిమ్మట హాన్ తానే వింతను చూచి, అర్థము తెలియక, ఒక స్త్రీకి ఉత్తరము వ్రాయును. అప్పుడు ఈ కొలత తలక్రిందగును.

బ్రూక్సు పని ఆగిపోయిన విధము విచారకరము. ఆమె న్యూయార్కులోని బర్నార్డ్ స్త్రీల కళాశాలలో ఉపాధ్యాయినిగా ఉన్నపుడు, 1906 లో ఆమెకు వివాహము నిశ్చయమైనది. వివాహమైన స్త్రీ కొలువున ఉండరాదని కళాశాల ముఖ్యాధికారిణి శాసించెను. వివాహమాడినంత మాత్రమున వృత్తిని విడువవలెననుట ధర్మము కాదని బ్రూక్సు వాదించెను గాని ఫలింపలేదు. అట్లు శాసించినదియు స్త్రీయే యని గమనింపుడు. ఆ సంబంధము తప్పిపోయినను ఆమె యక్కడ నిలువక, పారిసునకు పోయి మేరీ క్యూరీ ప్రయోగశాలలో కొంతకాలము పనిచేసెను. 1907 లో వేఱొకరిని వివాహమాడి పరిశోధనను శాశ్వతముగా విడిచెను. క్యూరీ తరువాత ఈ శాస్త్రములో ఎన్నదగిన స్త్రీ యీమెయే యని రూథర్‌ఫర్డు భావించెను. 1933 లో ఆమె మరణించినపుడు ఆమెను గూర్చి పత్రికలో వ్రాసినదియు ఆయనయే.

ఇక బాలిక యడిగిన ప్రశ్నకు వత్తము. హాన్ ప్రక్కన లీజె మైట్నర్ అను నామె యుండెను.

మైట్నర్ 1878 లో వియన్నా నగరమున ఒక యూదు కుటుంబమున జన్మించెను. ఆ కాలమున అచ్చట బాలికల బడిచదువు పదునాలుగవ యేటితో ముగియుచుండెను. ఆమె ఇంటివద్ద చదువుకొని, 1901 లో ప్రవేశ పరీక్షయం దుత్తీర్ణురాలై, 1906 లో డాక్టరు పట్టమును పొందెను. 1907 లో బెర్లినునకు పోయి హానుతో కలిసి పని మొదలిడెను. ఆయన రసాయన శాస్త్రజ్ఞుడు, ఈమె భౌతిక శాస్త్రజ్ఞురాలు. ఆ రసాయన సంస్థలో స్త్రీలకు ప్రవేశము లేదు. అందుచే భూగృహములో మునుపు వడ్రంగి పనిచేసిన గదిని ఈమెకిచ్చి, పైయంతస్తులోని ప్రయోగశాలలలో అడుగుపెట్టరాదని కట్టడి చేసిరి. ఆ గదికి దారి వేఱు. కాలకృత్యములకు సయితము వీధిలోని భోజనశాలకు పోవలసివచ్చెడిది. రెండేండ్లలో ఆ నిషేధము తొలగినది. 1912 లో క్రొత్త సంస్థకు మారినపుడు హానునకు జీతమిచ్చిరి; ఈమెను అతిథి యనిరి. అతిథికి జీతముండదు గదా!

అయినను ఆమె వెనుకంజ వేయలేదు. హానుతో కలిసి ప్రోటాక్టీనియము అను మూలద్రవ్యమును కనుగొని, 1918 లో ప్రకటించెను. 1926 లో జర్మనీ దేశమున భౌతికశాస్త్రమునకు ఆచార్యపదవి నందిన మొదటి స్త్రీ యాయెను. న్యూట్రానులతో యురేనియమును కొట్టినచో ఏమగునో చూతమని 1934 లో హానును ప్రేరేపించినదియు ఆమెయే. పిమ్మట స్ట్రాస్‌మన్ అను యువకుడగు రసాయన శాస్త్రజ్ఞుడు వారితో చేరెను. నాలుగేండ్లు ముగ్గురును కలిసి పనిచేసిరి.

1938 మార్చిలో హిట్లరు ఆస్ట్రియాను ఆక్రమించెను. ఆస్ట్రియా పౌరురాలను రక్షణ మైట్నరునకు పోయెను. జూలైలో, చెల్లుబడియగు ప్రయాణపత్రము లేకయే, ఒక డచ్చి శాస్త్రజ్ఞుని తోడుతో రైలెక్కి ఆమె హాలెండు చేరెను. చేతిలో పది మార్కులు మాత్రమే యుండెను. అవసరమునకు పనికివచ్చునని హాన్ తన తల్లిదగు వజ్రపుటుంగరమును ఆమె కిచ్చి పంపెను. ఈ సంగతిని విడువరాదు. మున్ముందు మేము ఆయనపై వ్రాయబోవు మాటలకు ఇదియు ప్రక్కన ఉండవలెను.

ఆమె స్టాక్‌హోములో తలదాచుకొనెను. అచ్చట కూర్చుండుటకు చోటిచ్చిరి గాని, పనిముట్లును సహాయకులును లేరు. బెర్లినుతో ఉత్తరములు నడచుచునే యుండెను. యురేనియమునుండి రేడియము పుట్టుచున్నట్లున్నదని హాన్ తెలుపగా, అది నమ్మశక్యము కాదనియు, మరల జాగ్రత్తగా పరీక్షింపుడనియు, నవంబరులో కోపెన్‌హేగనులో రహస్యముగా కలిసికొనినపుడు ఆమె పట్టుబట్టెను. హానును స్ట్రాస్‌మనును మరల పరీక్షించిరి. రేడియమును పట్టుటకై అందులో బేరియము కలుపుట వాడుక. ఆ రెంటి నడవడి యొక్కటే గనుక రేడియము బేరియమును అంటుకొని వచ్చును. తరువాత వేరుచేయవచ్చును. ఈ తడవ ఎంత ప్రయత్నించినను వేరుపడలేదు. వేరుపడకుండుటకు కారణ మొక్కటే: అది రేడియము కాదు, బేరియమే. డిసెంబరు 19 వ తేదీన హాన్ మైట్నరునకు వ్రాసెను. యురేనియము పగిలి బేరియము కాజాలదని తెలియును గనుక, దీనికేదైన కారణమును ఊహింపగలరా యని యాయన వేడుకొనెను.

ఆమె క్రిస్మసు సెలవులకై స్వీడనులోని కుంగెల్వ్ అను చిన్న పట్టణమున ఉండెను. ఆమె అక్క కుమారుడు ఆటో ఫ్రిష్, అతడును భౌతిక శాస్త్రజ్ఞుడే, అచ్చటికి వచ్చెను. పినతల్లి చేతనున్న ఉత్తరమును చదివి, హాన్ పొరపడినాడేమో యని యతడనెను. హాన్ అట్టి పొరపాటు చేయు రసాయన శాస్త్రజ్ఞుడు కాడని యామె తోసిపుచ్చెను. ఇద్దరును మంచులో నడచుచు మాటలాడుకొనిరి. పరమాణు కేంద్రకము గట్టి రాయివంటిది కాక, నీటిబొట్టువంటి దైనచో? పెద్ద బొట్టు సాగి, నడుమ సన్నగిలి, రెండుగా తెగవచ్చును గదా! పడియున్న చెట్టు మొద్దుపై కూర్చుండి, కాగితపు ముక్కలపై లెక్క వేసిరి. తెగిన రెండు ముక్కలును ఒకదానినొకటి తరుముకొను శక్తి సుమారు 20 కోట్ల ఎలక్ట్రాన్ ఓల్టులని తేలినది. అంత శక్తి యెక్కడినుండి వచ్చెను? రెండు ముక్కల బరువును కూడినచో, మొదటి బరువుకంటె ప్రోటాను బరువులో అయిదవ వంతు తగ్గుచున్నదని మైట్నర్ లెక్కించెను. ఐన్‌స్టీను సూత్రము ననుసరించి ఆ తరుగును శక్తిగా మార్చిన, అదియు 20 కోట్లే. లెక్క సరిపోయినది.

విద్యార్థులు దీనిని స్వయముగా కొంత సరిచూచుకొనవచ్చును. యురేనియపు సంఖ్య 92, బేరియపు సంఖ్య 56. తీసివేయగా మిగిలిన 36 క్రిప్టాను సంఖ్య. రెండవ ముక్క యేదో ఇట్లే తెలిసినది. కణవిభజన నుండి తీసికొని ఈ చీలికకు ఆంగ్లమున పేరు పెట్టినవారును వీరే. మనము కేంద్రక విచ్ఛిత్తి యనుచున్నాము.

నిజము చెప్పవలెనన్న, ఈ మాటను మొదట పలికినది మైట్నరును కాదు. 1934 లోనే ఇడా నోడాక్ అను జర్మను రసాయన శాస్త్రజ్ఞురాలు, బరువైన కేంద్రకము పెద్దముక్కలుగా పగులునేమో చూడవలసియున్నదని వ్రాసియుండెను. రీనియమును కనుగొనిన ముగ్గురిలో ఆమె యొకతె. అయితే దానితోబాటు వారు ప్రకటించిన మఱియొక మూలద్రవ్యము నిరూపితము కానందున, ఆమె మాటకు విలువ తగ్గియుండెను. ఆమెయు ప్రయోగము చేసి చూపలేదు. రోములోని ఫెర్మి గాని, బెర్లినులోని మన ముగ్గురు గాని ఆ సూచనను లక్ష్యపెట్టలేదు.

బేరియపు వార్తను హాన్, స్ట్రాస్‌మన్ 1939 జనవరి 6 వ తేదీన ప్రకటించిరి. దానిపై మైట్నర్ పేరు లేదు. దేశము విడిచి పారిపోయిన యూదు స్త్రీ పేరును చేర్చుట ఆనాటి బెర్లినులో ప్రాణాపాయము. దీనికి హానును తప్పుపట్టము. మైట్నరును ఫ్రిషును వ్రాసిన వివరణ ఫిబ్రవరి 11 వ తేదీన వేఱొక పత్రికలో వచ్చెను. ఈ విధముగా నొక్కపని రెండు పత్రికలలో, రెండు దేశములలో, రెండు శాస్త్రముల పేరిట చీలిపోయెను. 1944 వ సంవత్సరపు రసాయన శాస్త్ర బహుమానమును 1945 నవంబరులో ప్రకటించినపుడు అది హాను కొక్కనికే వచ్చెను. తీర్పరులు రసాయన భాగమును మాత్రము తూచిరి. మైట్నర్ పేరు నలుబది పర్యాయములకు పైగా ప్రతిపాదింపబడినను, బహుమానము ఎన్నడును రాలేదు. స్ట్రాస్‌మన్ పురుషుడే, పత్రికలో పేరున్నవాడే, అతనికిని రాలేదు. తమ బృందమునకు బుద్ధిబలమున నాయకురాలు మైట్నరే యని అతడు పిమ్మట చెప్పెను.

మేము హానును తప్పుపట్టునది తరువాతి మాటలకు. యుద్ధము ముగిసి, భయము తొలగిన పిమ్మటను, ఇది రసాయన శాస్త్రపు విజయమనియు, భౌతిక శాస్త్రము దీనికి అడ్డుపడినదనియు ఆయన చెప్పుచువచ్చెను. ముప్పదియేండ్ల సహవాసములో ఉంగరము నిచ్చిన చేయి, పేరును మాత్రము ఈయలేకపోయినది. మ్యూనిక్ నగరపు ప్రదర్శనశాలలో ఆ ప్రయోగపు పనిముట్లను ఒక బల్లపై అమర్చి, "ఆటో హాన్ పనిబల్ల" యని అనేక సంవత్సరములు చూపిరి. నిజమునకు ఆ పనిముట్లు వేఱువేఱు గదులలో ఉండెడివి. వానిలో ముఖ్యమైనవి మైట్నర్ విభాగమువి. బల్ల యొక్కటైనపుడు పేరును ఒక్కటే చాలునని తోచినది కాబోలు. తరువాత ఆ పలకను సవరించిరి.

1966 లో అమెరికా ప్రభుత్వము ఫెర్మి బహుమానమును హాన్, మైట్నర్, స్ట్రాస్‌మన్ ముగ్గురికిని ఇచ్చెను. 1968 లో మైట్నర్ కేంబ్రిడ్జిలో మరణించెను. 1997 లో 109 వ మూలద్రవ్యమునకు మైట్నీరియము అను పేరు స్థిరపడినది. 105 వ దానికి హానియము అని కొందరు పెట్టిన పేరు నిలువలేదు.

ఈ వ్యాసపు చిత్తుప్రతిని ఆ బాలికకు చూపితిమి. ఆమె యిప్పుడు పదవ తరగతిలో నున్నది. తన పాత పుస్తకపు అంచున, హాన్ పేరు ప్రక్క, పెన్సిలుతో స్ట్రాస్‌మన్, మైట్నర్, ఫ్రిష్ అని వ్రాసికొని, నోడాక్ పేరును గూడ వ్రాయవచ్చునా యని యడిగినది. మేమింకను ఆలోచించుచున్నాము.