పదహారేళ్ల నిద్ర

ఇంటర్ చదివే పిల్లలున్న చాలా ఇళ్లలో పొద్దున్నే ఇదే గొడవ. లేపితే లేవడు, లేచినా కసురుకుంటాడు, రాత్రి పదకొండైనా నిద్రపోడు. బద్ధకమనీ, పొగరనీ మనం అనేస్తుంటాం. దయచేసి ఆ మాటలు అనే ముందు కాసేపు ఆగండి.

చీకటి పడ్డాక మెదడు మెలటోనిన్ అనే హార్మోన్ విడుదల చేస్తుంది. పడుకునే వేళయిందని ఒంటికి కబురు చెప్పేది అదే. ఈడొచ్చే వయసులో ఆ విడుదల ఒకటి రెండు గంటలు ఆలస్యమవుతుంది. అమెరికాలోని బ్రౌన్ విశ్వవిద్యాలయంలో మేరీ కార్స్‌కడాన్ ఏళ్ల తరబడి పిల్లల నిద్రను పరిశీలించి తేల్చిన సంగతి ఇది. చిన్నప్పుడు తొమ్మిదింటికే సోలిపోయిన పిల్లాడికి ఇప్పుడు పదిన్నర దాటితే గానీ నిద్ర రాదు. ఫోన్ దీన్ని ఇంకా ముదరబెడుతుంది, నిజమే. కానీ ఫోన్ లాక్కున్నంత మాత్రాన ఈ మార్పు పోదు.

పదమూడు నుంచి పద్దెనిమిదేళ్ల పిల్లలకు రోజుకు 8 నుంచి 10 గంటల నిద్ర కావాలని అమెరికా నిద్ర వైద్యుల సంఘం 2016లో చెప్పింది. హైస్కూళ్లు ఉదయం 8:30 కన్నా ముందు మొదలు కాకూడదని అక్కడి పిల్లల వైద్యుల సంఘం 2014లోనే కోరింది. మన దగ్గర హాస్టల్ పిల్లలు తెల్లవారుజామునే స్టడీ అవర్‌లో కూర్చుంటారు.

రాత్రి పదకొండున్నరకు మీ పిల్లాడి నోట్సు ఒకసారి తీసి చూడండి. మొదటి పేజీలో లెక్క గీత మీద నిలబడి ఉంటుంది. మూడో పేజీకొచ్చేసరికి అక్షరాలు కిందికి జారిపోతుంటాయి, ఒకే సూత్రం రెండుసార్లు రాసి ఉంటుంది. ఆ గంటలో బుర్రకెక్కేది తక్కువ. పైగా పగలు చదివినదాన్ని మెదడులో జ్ఞాపకాలు చూసే భాగం, హిప్పోకాంపస్, తిరగేసి స్థిరపరచుకునేది నిద్రలోనే. నిద్ర తగ్గించి చదివించడమంటే చదివినదాన్ని కూడా పోగొట్టుకోవడమే.

కోపం సంగతీ అంతే. ఆవేశాన్ని అదుపు చేసే మెదడు ముందుభాగం, ప్రీఫ్రంటల్ కార్టెక్స్, పూర్తిగా ఎదిగేసరికి పాతికేళ్లొస్తాయి. నిద్ర చాలకపోతే ఉన్న ఆ కాస్త అదుపూ సడలుతుంది. అందుకే మార్కుల మాట పొద్దున్నే ఎత్తకండి. సాయంత్రం ఏదైనా తిన్నాక, పక్కన కూర్చుని మాట్లాడండి.

పొద్దున లేచాక కాసేపు ఎండలో నిలబడనివ్వండి, మెదడులోని గడియారం సర్దుకోవడానికి అంతకన్నా మంచి మందు లేదు. సాయంత్రం తర్వాత కాఫీ, టీ వద్దు. ఫోన్ రాత్రిపూట హాల్లో ఛార్జింగ్‌కు పెట్టాలి, వాడిదే కాదు, మీదీ. ఆదివారం గంటో రెండు గంటలో ఎక్కువ పడుకుంటే పడుకోనివ్వండి. మధ్యాహ్నం దాకా మాత్రం వద్దు, సోమవారం మళ్లీ కష్టమవుతుంది. కాలేజీలో చేర్చేటప్పుడు ర్యాంకులతో పాటు హాస్టల్లో లైట్లు ఎన్నింటికి ఆర్పుతారో, ఎన్నింటికి లేపుతారో గట్టిగా అడగండి. అడిగే తల్లిదండ్రులు పెరిగితేనే ఆ టైమ్‌టేబుళ్లు మారతాయి.

ఇవన్నీ చేశాక కూడా రెండు వారాలకు పైగా నిద్ర పట్టకపోయినా, తిండి మానేసినా, ఎవరితోనూ మాట్లాడకుండా ముడుచుకుపోయినా డాక్టరుకు చూపించండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబర్ 14416కు ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు, డబ్బు కట్టక్కర్లేదు. బతకాలని లేదన్న మాట వాడి నోట వస్తే రెండు వారాలు చూడకండి, ఆ రోజే ఫోన్ చేయండి.